గోదావరి ఒడ్డునేనండీ

సంచి గదిలోంచి వరండాలోకి వచ్చేసింది.

ఎప్పుడు వచ్చిందో మార్తమ్మ చూడలేదు. రాగిజావ కాచి, చల్లార్చి, గ్లాసులో పోసుకుని వంటింట్లోంచి వచ్చేసరికి వీధి తలుపు పక్కన కనిపించింది ఆ ఆకుపచ్చ సంచి. పెళ్ళయి మొదటిసారి ఈ ఇంటికి వచ్చినప్పుడు సౌజన్య భుజాన ఉన్నదే. జిప్పు సగం దాకా వేసి వదిలేసింది. ఆ సందులోంచి మార్తమ్మ అల్లిన పసుపుపచ్చ ఊలు టోపీ కనిపిస్తోంది, పుట్టబోయే బిడ్డకి.

సంచి బయటికొచ్చింది గానీ మనిషి రాలేదు. గది తలుపు వేసే ఉంది.

"సౌజన్యా, జావ తెచ్చేనమ్మా. రాత్రి కూడా ఏం తినలేదు. ఏడో నెల కడుపుతో అలా మాడకూడదు."

మార్తమ్మ తలుపు మీద వేలితో కొట్టింది.

"నా మీద కోపం జావ మీద చూపిస్తే ఎలాగమ్మా?"

"కోపం లేదత్తమ్మా. ఆకలైతలేదు."

ఆ మాట మామూలుగా అంది. అరిచినా బాగుండేది, ఏడ్చినా బాగుండేది. రాజోలు బళ్ళో ఇన్నేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్న మనిషి మార్తమ్మ. ఏడ్చే పిల్లని ఎలా ఊరుకోబెట్టాలో ఆవిడకి తెలుసు. ఏడవకుండా బిగుసుకుపోయిన పిల్లని ఏం చెయ్యాలో మాత్రం ఇంతవరకూ నేర్చుకోలేదు.

గ్లాసు గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టి వచ్చింది. దాని మీద మీగడలా తెట్టు కడుతుంటే చూస్తూ నిలబడింది.

మార్తమ్మ మొగుడు దానం వరండాలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు గానీ, పేజీ తిప్పి చాలాసేపయింది.

"తాగిందా?" అన్నాడు.

"లేదు."

"వాళ్ళ నాన్నగారు రాజమండ్రిలో దిగేసేరంట. దీపక్ ఫోన్ చేసేడు. బస్సెక్కేరు, వచ్చేస్తారు."

మార్తమ్మ చీర కొంగుకి చేతులు తుడుచుకుంది.

"నీకు ఆ మాట అనకుండా ఉండటం చేతకాలేదా?" అన్నాడు దానం, పేపర్లోంచి తలెత్తకుండా. "మా అక్క నోరు అంతే. అది నాకూ తెలుసు, నీకూ తెలుసు, తాటిపాక ఊరంతటికీ తెలుసు. నువ్వెందుకు తాళం వెయ్యాలి?"

"తాళం వెయ్యలేదండీ. ఆయ్ అన్నాను."

"రెండిటికీ తేడా ఏవిటి?"

"మీరు ఇక్కడ పుట్టలేదా? పెద్దావిడ ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే నోరు కుట్టేసుకుని కూర్చుంటామా? వింటున్నానండీ అని చెప్పడానికి ఆయ్ అంటాం. ఎండగా ఉందంటే ఆయ్, కూర బాగుందంటే ఆయ్, రోడ్డు పాడైందంటే ఆయ్. దానికి అర్థాలు తీస్తారా ఎవరన్నా?"

"నాకు తియ్యక్కర్లేదు. ఆ పిల్లకి?"

నిన్న సాయంత్రం నుంచీ మార్తమ్మ ఇదే సమాధానం తనకి తాను చెప్పుకుంటోంది. చెప్పుకున్న ప్రతిసారీ కాస్త పలచబడుతోంది. ఇప్పుడు మొగుడి ముందు పైకి అనేసరికి మరీ నీళ్ళలా వినిపించింది.

ఎందుకంటే ఆయ్ సంగతి ఆ పిల్లకి తెలుసు. ఈ ఇంట్లో అందరికంటే బాగా తెలుసు.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మార్తమ్మ ఫోన్లో హెడ్మాస్టరుగారితో మాట్లాడుతుంటే సౌజన్య పక్కన కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. "అత్తమ్మా, అంతసేపు మాట్లాడిన్రు, మొత్తం ఒక్కటే మాట అన్నరు!" అంది. ఏం మాటమ్మా అంటే, "ఆయ్!" అని ఆవిడ గొంతుతోనే అనుకరించి చూపించింది. తర్వాత కొన్నాళ్ళు దాన్ని పాఠంలా నేర్చుకుంది. ఓ రోజు వేళ్ళు మడిచి చెప్పింది: "మీ ఆయ్‌లు రెండు తీర్లున్నయి అత్తమ్మా. ఒకటి అవును అనే ఆయ్. ఇంకోటి వింటున్న అనే ఆయ్. ఏది ఏదో నాకు సమజైతలేదు." "నాకే తెలీదమ్మా," అంది మార్తమ్మ. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.



నిన్న జరిగింది ఇంతే. సాయంత్రం పూట ఆడపడుచు రూతమ్మ వచ్చింది, దానానికి అక్కగారు. వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. మార్తమ్మ కొబ్బరి కోరుతోంది. రూతమ్మ గోదావరిఖని పెళ్ళి సంగతులు మళ్ళీ మొదలెట్టింది. పెళ్ళయి రెండేళ్ళు కావస్తున్నా ఆవిడకి ఆ ప్రయాణం ఇంకా అవలేదు.

"బాబోయ్ మార్తా, రైలు దిగ్గానే ఎండ మొహమ్మీద కొట్టినట్టుంది. రుమాలుతో ముక్కు తుడుచుకుంటే నల్లగా వచ్చింది. మధ్యాహ్నం పూట మంచం కదిలింది. ఏంటర్రా అంటే బొగ్గు కోసం భూమిని పేలుస్తారంట!"

"ఆయ్."

"మనుషులకి చిన్నా పెద్దా లేదు. ఒక అండీ లేదు, ఒక గారు లేదు. పెళ్ళిలో ఎవడో కుర్రాడు నా ముందు విస్తరేసి 'తిను తిను' అన్నాడు. నన్ను!"

"ఆయ్."

"తాగుడు, తన్నుకోడాలు. పేపర్లో ఆ ఊరి పేరు వచ్చిందంటే మంచికి రాదు. ఏమాటకామాట చెప్పుకోవాలి, నువ్వు తెలివైనదానివి. పురుడు పుట్టింట్లో పోసుకోవాలని వాళ్ళు పట్టుబట్టకముందే పిల్లని ఇక్కడికి తెచ్చేసేవు. మన బిడ్డకి ఆ మసిలో పుట్టే ఖర్మేంటి? రేపు నలుగురిలో నువ్వు ఏ ఊళ్ళో పుట్టేవురా అంటే చెప్పుకోడానికి బాగుండాలి కదా. అందుకే కదా తెచ్చేవు?"

"ఆయ్."

కోరుడు ఆపి తలెత్తేసరికి గుమ్మంలో సౌజన్య. చేతిలో పాలు తాగిన ఖాళీ గ్లాసు. నెమ్మదిగా లోపలికి వచ్చి, కుళాయి తిప్పి, గ్లాసు కడిగి బోర్లించి, వెళ్ళిపోయింది. రూతమ్మ మాత్రం మాట మార్చి పనసపొట్టు కూర దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడకి అదేం పెద్ద సంగతి కాదు.

ఫోన్ మోగింది. దీపక్. కొడుకు గోదావరిఖనిలోనే ఉంటాడు, గనుల వర్క్‌షాపులో ఇంజనీరు. అక్కడే పరిచయమై, అక్కడే నచ్చి, అక్కడి పిల్లనే చేసుకున్నాడు. ఆ పెళ్ళికి అందరూ వంకలు పెడుతుంటే నిలబడి ఒప్పించింది మార్తమ్మే. పిల్ల బంగారం అని ఇంటింటికీ చెప్పింది. పిల్ల ఊరి పేరు మాత్రం చెప్పలేదు.

"అమ్మా, నువ్వు నిజంగా అన్నావా?"

"అత్తయ్య అంది. నేను..." ఆయ్ అన్నానని చెప్పబోయి ఆగింది. పొద్దుటినుంచీ ఆ మాటని నోటి దాకా రానివ్వడం లేదు. కోనసీమలో పుట్టిన మనిషికి అదెంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. పాలబ్బాయి "పాలండీ" అన్నా సరే, తలూపి ఊరుకుంది.

"ఒకటి అడుగుతానమ్మా. నీకు తెలిసినవాళ్ళు కోడలిది ఏ ఊరండీ అని అడిగితే ఏం చెబుతావు?"

మార్తమ్మ ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"గోదావరి ఒడ్డునేనండీ అంటావు. నేను విన్నాను. ఓ రోజు చేపల ముత్యాలు అడిగితే అలాగే చెప్పేవు. రాజమండ్రి అవతలాండీ అంటే, ఇంకా ఎగువనండీ అన్నావు. అప్పుడు నవ్వొచ్చింది నాకు. గోదావరిఖని గోదావరి ఒడ్డునే కదా, అబద్ధమేముంది అనుకున్నాను. సౌజన్య కూడా విందమ్మా. అదేమీ అనలేదు. అదెప్పుడూ ఏమీ అనదు."

"దీపక్..."

"నేనూ ఇక్కడే ఉంటున్నాను కదా. నన్ను గురించి అడిగినా గోదావరి ఒడ్డునే ఉంటున్నాడండీ అంటావా?"

వాడే ఫోన్ పెట్టేశాడు.

మార్తమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది.

చిన్నప్పుడు, అయిదో క్లాసు దాటి హైస్కూల్లో చేరిన రోజు, కొత్త మేష్టారు ఒక్కొక్కళ్ళనీ లేపి పేరూ ఊరూ అడిగాడు. ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఊరుతో ఆగలేదు. "ఏ పేటమ్మా?" అన్నాడు. పేట పేరు చెప్పింది. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. కళ్ళతో ఓసారి కొలిచి, వెనక బెంచీ చూపించాడు, అంతే. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పింది: "ఈసారి ఎవరడిగినా రాజోలేనండీ అను. పేట మాట ఎత్తకు."

ఆ విద్యే ఇన్నాళ్ళకి కోడలి మీద వాడింది. తనని కాపాడటానికి అమ్మ నేర్పిన మాటతో తల్లి లేని ఈ పిల్లని వెనక బెంచీలో కూర్చోబెట్టింది. ఛీ, అనుకుంది మార్తమ్మ. పైకే అనుకుంది.

గేటు దగ్గర ఆటో ఆగింది.

యేసురత్నం దిగాడు. సౌజన్య తండ్రి, పొడుగాటి మనిషి. గనిలో దిగి దిగి వంగిన నడుం రిటైరయ్యాక కూడా నిటారు కాలేదు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో బరువైన గుడ్డసంచి. రాత్రంతా రైల్లో కూర్చున్న మొహం.

దానం చెప్పుల్లేకుండానే పరుగెత్తాడు.

"రండి బావగారండీ, రండి రండి! ఆ సంచి ఇలా ఇవ్వండి. ప్రయాణం బాగా జరిగిందాండీ? స్టేషనుకి నేనొచ్చేవాణ్ణి కదండీ, ఓ మాట చెప్పొద్దాండీ? మార్తా, బావగారికి బొండాం నీళ్ళు! కూర్చోండి బావగారండీ, ఫ్యానేసేను."

మర్యాద ధారగా కారిపోతోంది. అంత మర్యాదలో ఒక్క మాటైనా నిజమైనది ఉందా అని మార్తమ్మకి మొదటిసారి అనుమానం వచ్చింది.

యేసురత్నం కుర్చీ దాకా వచ్చి ఆగాడు. కొత్త కుర్చీలు, లేత రంగు దిళ్ళు. భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, దిండు మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు.

"అదేంటండీ బావగారూ!" అన్నాడు దానం.

"రైలు బట్టలు బావా. మసి అంటుతది."

ఆ మాటలో ఎత్తిపొడుపేం లేదు, మామూలుగానే అన్నాడు. కానీ బొండాం అందించబోయిన మార్తమ్మ ఆ తువ్వాలునే చూసింది. గోదావరిఖనిలో పెళ్ళినాడు, క్వార్టర్ల ముందు వేసిన పందిట్లో, రూతమ్మ కుర్చీ మీద రుమాలు పరుచుకుని మరీ కూర్చుంది. ఈయన అప్పుడు ఎదురుగానే ఉన్నాడు, కూల్‌డ్రింకులు పంచుతూ. చూసిందీ చూడందీ ఇంతవరకూ తెలీదు. ఇప్పుడు తెలిసింది.

ఆ రోజు రూతమ్మ పక్క కుర్చీలో కూర్చున్నది తనే. రుమాలు పరుచుకోలేదు గానీ, లేచేటప్పుడు చీర వెనక దులుపుకుంది.

"మంచిగున్నవా చెల్లె?" అన్నాడు యేసురత్నం.

"బాగున్నానండీ అన్నయ్యగారూ."

"గిండ్ల సకినాలున్నయి. బిడ్డకు తినబుద్ధైతది గదా అని మా గల్లీల ఆడోల్లందరు కూసోని చేసిన్రు. పక్కింట్ల ఒడియా ఆమె సుత వచ్చి చుట్టింది. ఆమెకు చుట్టుడు రాదు, వంకరటింకరగ ఉన్నయి ఆమె చేసినయి. ఏమనుకోకున్రి."

గుడ్డసంచిలోంచి నువ్వుల వాసన వచ్చింది. గది తలుపు తీసుకుంది. సౌజన్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తండ్రిని చూసినా కదల్లేదు.

"బిడ్డా, మంచిగున్నవా?"

"ఆఁ బాపూ."

"గట్ల గుంజుకపోయిందేంది మొకం? తింటలేవా?"

స్టూలు మీద జావగ్లాసు అలాగే ఉంది. యేసురత్నం దాన్ని చూశాడు. వీధి తలుపు పక్కన సంచినీ చూశాడు.

"నా బిడ్డ ఫోన్ల ఒక్కటే మాట అన్నది," అన్నాడు. "బాపూ, వచ్చి తీస్కపో అన్నది. ఎందుకని అడిగితె చెప్పలే. అత్తమ్మ మంచిది అన్నది. మంచిదైతె ఎందుకు తీస్కపోవాలె బిడ్డా అంటె ఫోన్ పెట్టేసింది."

దానం గొంతు సవరించుకున్నాడు. "ఏదో చిన్న మాట పట్టింపండీ బావగారూ. మా అక్కగారు పాతకాలం మనిషండీ. మీ ఊరి గురించి ఏదో నోరుజారింది."

"మా ఊరి గురించా?" యేసురత్నం నవ్వాడు. "మా ఊరి గురించి మాటలు పడుడు మాకు కొత్త గాదు బావా. గోదావరిఖని అని చెప్పంగనే ఎవరైనా ముందుగాల నా చేతులు జూస్తరు, నల్లగున్నయా అని. హైదరాబాదుల ఈ పిల్ల సదువుకునేటప్పుడు కిరాయికి అర్ర జూసినం. ఇంటాయన తాళంచెవి తీసి చేతిల పెట్టబోయి, ఏ ఊరన్నడు. చెప్పినం. తాళంచెవి జేబుల పెట్టుకున్నడు."

"అయ్యయ్యో," అన్నాడు దానం.

"మా ఊరి మీద అనేటియన్ని అబద్ధాలు గావు. ఎండ మస్తు కొడ్తది. దుమ్ము లేస్తది. తాగేటోడు తాగుతడు, కొట్టుకునేటోడు కొట్టుకుంటడు. మేం సుత చూస్తనే ఉంటం గద. కాని మాది అందరు బతకనీకొచ్చిన ఊరు. ఏ ఊరు మీది అని మేం సుత అడుగుతం. ఎందుకంటె, యాదిజేసుకొని మాట్లాడుకునేటందుకు. తాళంచెవి జేబుల పెట్టుకునేటందుకు గాదు."

మార్తమ్మ తల దించుకుంది. ఏ పేటమ్మా అన్న గొంతు చెవిలో వినిపించింది. ఈసారి ఆ గొంతు తనదే.

యేసురత్నం బొండాం పక్కన పెట్టి ముందుకు వంగాడు.

"చెల్లె, ఒక్క మాట అడుగుత. ఏమనుకోకు. నువ్వు మా ఇంటికొచ్చి, అన్నయ్యగారూ, మీ అమ్మాయికి తల్లి లేదు, కాన్పుకు నేను తీస్కపోత, తల్లి లెక్క జూసుకుంట అన్నవు. ఆ మాటకు నేను ఏడ్చిన. మా ఆమె పోయినంక గట్ల ఏడ్వలే. మా గల్లీ మొత్తం చెప్పుకున్న, నా బిడ్డకు అత్త గాదు, అమ్మే దొరికిందని. గందుకేనా నువ్వు తీస్కవచ్చింది? గది గాక, ఇంకేమన్న ఉన్నదా?"

"ఆయ్," అంది మార్తమ్మ.

అనేశాక గానీ అన్నట్టు తెలియలేదు ఆవిడకి. పొద్దుటినుంచీ పళ్ళ వెనక కట్టేసి ఉంచిన మాట. పెద్దాయన మాట్లాడుతుంటే, ఎదురుగా నిలబడి వింటుంటే, అలవాటు కొద్దీ జారిపోయింది.

"అంటే వింటున్నాననండీ బావగారూ," అన్నాడు దానం గబగబా. "మా వైపు అలా అంటామండీ. ఆయ్ అంటే చెప్పండి, వింటున్నాను అని."

యేసురత్నం ఒకసారి దానం మొహం, ఒకసారి మార్తమ్మ మొహం చూశాడు. ఆయనకి అర్థం కాలేదు.

గుమ్మంలోంచి సౌజన్య అడిగింది.

"ఇది ఏ ఆయ్ అత్తమ్మా?"

నిన్న సాయంత్రం నుంచీ ఆ పిల్ల తనంతట తాను అడిగిన మొదటి మాట అది. కోపంగా అడగలేదు. వేళ్ళు మడిచి పాఠం నేర్చుకున్నప్పుడు అడిగినట్టే అడిగింది.

ఒక్కమాటతో బయటపడిపోవచ్చు. వింటున్నాననే ఆయ్ అమ్మా అంటే చాలు. దానం అప్పటికే దారి వేసేశాడు. ఆ పిల్ల నమ్మినా నమ్మకపోయినా, మర్యాదకైనా ఊరుకుంటుంది. సంచి వెనక్కి వెళ్ళినా వెళ్తుంది. బిడ్డ ఇక్కడే, అమలాపురం ఆసుపత్రిలో పుడుతుంది. అన్నీ సర్దుకుంటాయి.

"అవును అనే ఆయ్ అమ్మా," అంది మార్తమ్మ.

"మార్తా!" అన్నాడు దానం.

"నిన్నటిది?"

"నిన్నటిది వింటున్నాననేదే తల్లీ," అన్నాడు దానం. "పెద్దావిడ మాటకి..."

"కాదండీ. మీరు ఉండండి." మార్తమ్మ కోడలి వైపు తిరిగింది. "నిన్నటిదీ ఇదేనమ్మా. రాత్రంతా కాదు కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. అదీ ఇదే."

సౌజన్య కళ్ళలో మొదటిసారి నీళ్ళు తిరిగాయి.

"నీకు అమ్మ లేదని తెచ్చుకున్నాను. అది అబద్ధం కాదు. ఆ మాట మీ ఇంట్లో అన్నప్పుడు మనసులో అదే ఉంది. కానీ తిరుగురైల్లో కిటికీ అంచు మీద చెయ్యి పెడితే నల్లగా అంటింది. అమ్మయ్య, బిడ్డ ఈ ఊళ్ళో పుట్టడు, ఈ ఊరి పేరు మొయ్యడు అనుకున్నాను. నువ్వు పక్కనే కూర్చుని ఉన్నావు. నీ చెయ్యి పట్టుకునే అనుకున్నాను. నిన్న వదినగారన్నది నా మనసులో మాటే. ఆవిడకి నోరుంది, అంది. నాకు మర్యాద ఉంది, దాచుకున్నాను. ఆవిడ కంటే నేనే పాపిష్టిదాన్ని."

యేసురత్నం లేచాడు. దిండు మీది తువ్వాలు తీసి, మడత పెట్టి భుజాన వేసుకున్నాడు. దిండు తెల్లగానే ఉంది. దాన్ని ఒకసారి చేత్తో తడిమి చూసుకున్నాడు.

"నిజం చెప్పినవు చెల్లె," అన్నాడు. అది మెచ్చుకోలో, సెలవు తీసుకోవడమో తెలియలేదు. "బిడ్డా, నువ్వెట్లంటె గట్ల. పోదమంటె పోదం. ఉంటనంటె ఉండు."

సౌజన్య నెమ్మదిగా నడిచి వచ్చి సంచి పక్కన, గుమ్మం మీద కూర్చుంది. ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి సంచి మీద.

"అత్తమ్మా, నేను పోతే రేపు ఎవరన్నా అడుగుతరు గదా, కోడలేదండీ అని. ఏ ఊరు పోయిందని చెప్తరు?"

మార్తమ్మ నోరు తెరిచేలోపే గేటు చప్పుడైంది.

"టీచరుగారండీ! చందువాలండీ, రొయ్యలండీ!"

చేపల ముత్యాలు. గంప దించి గేటు మీద చేతులు వేసుకుని నిలబడింది. ఆ మనిషి తెచ్చే చేపలు ఎంత తాజావో, మోసుకెళ్ళే కబుర్లు అంతకంటే తాజావి. గేటులోంచే వరండా అంతా ఓ చూపు చూసింది.

"అయ్యబాబోయ్, చుట్టాలొచ్చేరాండీ? ఇందాక సెంటర్లో బస్సు దిగి దారడిగేరండి ఈ పెద్దాయన. మాట వేరేగా ఉందండి. ఎవరండీ? ఏ ఊరండీ?"

మార్తమ్మ వరండా మెట్లు దిగింది. గేటు దాకా నాలుగడుగులు కూడా ఉండవు గానీ, ఎంతకీ తరగలేదు. వెనక ముగ్గురూ తన వీపునే చూస్తున్నారని తెలుసు. గోదావరి ఒడ్డునేనండీ అన్న మాట పిలవకుండానే వచ్చి నాలుక చివర కూర్చుంది. అమ్మ నేర్పిన మాట, ఎన్ని గేట్ల దగ్గరో కాపాడిన మాట.

"మా వియ్యంకుడుగారు ముత్యాలూ. గోదావరిఖని," అంది మార్తమ్మ, క్లాసులో వెనక బెంచీకి వినిపించేంత గట్టిగా. "బొగ్గు గనుల ఊరు. మా కోడలి పుట్టిల్లు అదే."

"బొగ్గు ఊరాండీ!" ముత్యాలు కళ్ళు ఇంతింతయ్యాయి. గొంతు తగ్గించి, గేటు మీదికి వంగింది. తగ్గించినా ఆ గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. "మా మరిది కొడుకు ఆ వైపు లారీ మీద వెళ్ళొచ్చేడండి. అక్కడ మనుషులు మంచోళ్ళు కాదంట కదండీ. తాగుబోతులంట, కొట్లాటలంట. నిజవేనాండీ?"

గొంతులో ఆయ్ లేచింది. మార్తమ్మ పెదాలు బిగించి దాన్ని అక్కడే ఆపింది. ఎదుటి మనిషి మొహం మీద కాదు అనడం ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. ఈ ప్రాంతంలో ఎవరికీ పెద్దగా లేదు.

"కాదు ముత్యాలూ," అంది. "కాదు."

ముత్యాలు తెల్లబోయి చూసింది. మార్తమ్మ గేటు ఊచ గట్టిగా పట్టుకుంది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

అప్పుడు వరండాలో జిప్పు లాగిన చప్పుడు వినిపించింది, చివరి దాకా. ఆ పిల్ల సంచి తెరుస్తోందో, మూసేస్తోందో, చప్పుడుని బట్టి తెలియలేదు.